మడమ వెనక దెబ్బ

"తన్నాడండీ. ఎవరి మీద ప్రమాణం చెయ్యమంటే వాళ్ళ మీద చేస్తా. తన్నాడు!"

ముందుగదిలోంచి నాన్న గొంతు వంటింటి దాకా ఖంగున వినిపించింది. పొద్దుట్నుంచీ ఆ మాట వినీ వినీ చిట్టి చెవులు దిమ్మెక్కిపోయాయి. పాలవాడికి చెప్పాడు. కింది వాటావాళ్ళకి చెప్పాడు. ఇప్పుడు స్కూలు నుంచి పరామర్శకు వచ్చిన లెక్కల మాస్టారికి చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా ఆ కథకి కాస్త కండ పడుతోంది. పడిన రోజున అది 'ఏదో తగిలింది'. మర్నాటికి 'తన్నినట్టుంది'. ఇవాళ్టికి అనుమానాలన్నీ రాలిపోయి 'తన్నాడు' మిగిలింది.

"మీ అల్లుడా?" లెక్కల మాస్టారు నమ్మలేనట్టు అడిగాడు. "నోట్లో నాలుక లేనివాడిలా ఉంటాడే!"

"నోట్లో లేకపోతేనేం, కాల్లో ఉంది."

నాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. యాభై దాటినా పిల్లలతో సమానంగా గ్రౌండు చుట్టూ పరిగెత్తే మనిషి. అలాంటివాడు ఇప్పుడు మంచానికి అతుక్కుపోయి, కుడికాలు దిళ్ళ మీద ఎత్తి పెట్టుకుని, గుమ్మంలో కనబడిన ప్రతివాడినీ కూర్చోబెట్టి సాక్ష్యం చెబుతున్నాడు.

"వీధి చివర క్లినిక్కు డాక్టరు ఇంటికొచ్చి చూసి బెణుకన్నాడు. బెణుకంటే నాకు తెలీదా మాస్టారూ? ఎంతమంది పిల్లల చీలమండలకి ఐసు పెట్టాను! ఎన్ని మోకాళ్ళకి కట్లు కట్టాను! పాదం మడతపడితే బెణుకుతుంది, పక్కకి వాస్తుంది. నా పాదం మడతపడితే కదా? వ్యానుకి వేసిన చెక్క మీద నించుని, మునివేళ్ళ మీద బలం వేసి బీరువాని తోస్తున్నాను. మడమ వెనక ఫట్‌మని పడింది. బూటుకాలితో తన్నితే ఎలా ఉంటుందో అలా. కిందపడి వెనక్కి చూస్తే ఎవడున్నాడూ? మా లిఫ్టు అబ్బాయి!"

వంటింట్లో చిట్టి కాలుగాలిన పిల్లిలా పొయ్యి దగ్గర్నుంచి కిటికీకి, కిటికీ దగ్గర్నుంచి తలుపుకి తిరుగుతోంది. ఏ వస్తువు కావాలన్నా చెయ్యి అలవాటుగా దాని చోటికి పోవడం, అక్కడ ఖాళీ గూడు తగలడం. ఆమె కప్పులు, ఆమె దువ్వెన, బట్టలతో సహా బీరువా, అన్నీ కొత్తింట్లో ఉన్నాయి. ఆమె మాత్రం అమ్మ బట్టలు వేసుకుని పుట్టింట్లో ఉంది. సామాను ఎక్కిన వ్యానుతో పాటు వెళ్ళిన భర్త మళ్ళీ ఈ మెట్లెక్కలేదు. ఫోను చెయ్యలేదు. తనూ చెయ్యలేదు.

"ఆ తిరగడం ఆపి ఓచోట కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది మేనత్త. ఆవిడ నాన్నకి అక్క. పక్క సందులోనే ఇల్లు. ఎవరింట్లో గొడవ రాజుకున్నా పొగ ముందు ఆవిడకే తగులుతుంది. "పక్కనే ఉన్నావుగా, నీ కళ్ళకి ఏం కనబడింది?"

"నేను చూడలేదత్తా. నిలువుటద్దం పట్టుకుని గోడవైపు తిరిగి ఉన్నాను."

"అద్దంలోనన్నా కనబడలేదా?"

అమ్మ గిన్నె చప్పుడయ్యేలా దించింది. "వదినా, అల్లుడుగారు అలాంటి మనిషి కాదు."

"అల్లుడుగారట! నా తమ్ముడు మంచం మీద ఉంటే ఇంకా గారూ బూరూ." మేనత్త చిట్టివైపు తిరిగింది. "పోనీ, అడిగావా నీ మొగుణ్ణి? తన్నాడో లేదో?"

చిట్టి ఉల్లిపాయ తరగాలన్నట్టు కత్తి అందుకుంది. కత్తి ఉంది, ఉల్లిపాయ లేదు.

అడిగింది. అడిగినందుకే ఈ అవస్థంతా.

ఆ రోజు పొద్దుట్నుంచీ ఇంట్లో గాలి బిగుసుకుపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్న తాము వేరే ఇల్లు తీసుకున్నామని చెప్పినప్పటి నుంచి ముభావంగా తిరిగిన నాన్న, సామాను దింపే వేళకి ఎక్కడలేని హుషారూ తెచ్చుకుని పెత్తనం చేతిలోకి తీసుకున్నాడు. 'తాడు అలాగా కట్టేది?' 'మీటలు నొక్కేవాడికి బరువులెత్తడం ఏం వస్తుంది!' 'నా కూతురి బీరువా నేనెక్కిస్తా. నువ్వు వెనక నించో, చాలు.' ఆమె భర్త లిఫ్టు మెకానిక్. ఆ మాటలన్నిటికీ పళ్ళబిగువున నవ్వి, వెళ్ళి ఆయన వెనక నించున్నాడు. చిట్టి అద్దం పట్టుకుని గోడవైపు తిరిగింది.

ఫట్‌మని చప్పుడు. ఆ వెంటనే నాన్న కేక.

ఆమె తిరిగి చూసేసరికి నాన్న చెక్క పక్కన నేల మీద ఉన్నాడు. మడమ రెండు చేతులతో పట్టుకుని, "ఏంటది? నా కాలికి ఏం తగిలింది?" అంటూ వెనక్కి చూస్తున్నాడు. వెనక ఉన్నది ఒక్కడే.

వ్యాను డ్రైవరు, వాచ్‌మన్, బాల్కనీల్లోంచి తొంగిచూస్తున్న జనం. అందరి ముందూ చిట్టి నోట్లోంచి ఆ మాట జారిపోయింది.

"నువ్వు తన్నావా?"

అతను ఆమె వైపు చూశాడు. కోపంగా కాదు. కోపమైతే ఎంత బావుండేదో! దారిన పోతూ తలెత్తి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. వంగి మావగారిని వీపున వేసుకుని మూడో అంతస్తు దాకా మోసుకొచ్చి మంచం మీద దింపాడు. మళ్ళీ కిందకెళ్ళి వ్యానెక్కాడు.

"చిట్టీ!" ముందుగదిలోంచి నాన్న పిలుపు. "ఈ కట్టు లాగేస్తోందే. విప్పి మళ్ళీ కట్టు."

లెక్కల మాస్టారు వెళ్ళిపోయాడు. చిట్టి మంచం చివర కూర్చుని క్రేప్ బ్యాండేజీ విప్పసాగింది. వెనకే మేనత్త నూనె సీసాతో వచ్చింది.

"నిన్న నేను మర్దనా చేస్తుంటే ఇల్లెగిరిపోయేలా అరిచాడు. మగాడికి అంత ఓర్పులేకపోతే ఎలా?"

"అక్కా, ఆ సీసా అవతల పెట్టు."

చిట్టి కట్టు పూర్తిగా విప్పింది. నలుపూ ఊదా కలిసిన రంగు మడమ పక్కలనుంచి దిగి అరికాలి అంచుకి చేరింది. వాపు తగ్గలేదు. వాపుని మించి ఇంకోటి ఉంది. మడమకి కాస్త పైన, మామూలుగా గట్టి తాడులా తగిలే చోట ఆమె వేలు మెత్తగా లోపలికి దిగింది.

గుంట.

ఆమె ఎడమకాలు కూడా తడిమి చూసింది. అక్కడ తాడు బిగుతుగా, వీణ తీగలా ఉంది. మళ్ళీ కుడికాలు. గుంట.

"నాన్నా, ఒక్కసారి లేచి మునివేళ్ళ మీద నించుంటావా?"

"అదెంత పని?" ఆయన మంచం కోడు పట్టుకుని లేచాడు. పాదం నేలమీద ఆనింది. మడమ లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. మొహంలో నొప్పి కన్నా ముందు ఆశ్చర్యం కనబడింది. కాలు తనది కానట్టు, ఎవరో అరువిచ్చినట్టు దాని వంక చూసుకున్నాడు.

"నడవగలుగుతున్నానుగా," అన్నాడు చివరికి.

"ఈడుస్తున్నావు నాన్నా. అది నడక కాదు."

"ఎముకల హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి," అంది అమ్మ గుమ్మంలోంచి.

"మూడంతస్తులు నన్నెవరు దింపుతారు?"

అందరికీ తెలిసిన జవాబే అది.

"వాడు మాత్రం వద్దు," అన్నాడు నాన్న. "వాడి కాలు నా గడప లోపల పడటానికి వీల్లేదు."

చిట్టి చెప్పులేసుకుని బయటపడింది.

* * *

ఊరి మధ్యలో ఆఫీసుల భవనం. భర్త కంపెనీలో అడిగితే ఇక్కడున్నాడని చెప్పారు. కింద లిఫ్టు తలుపుకి 'పనిచేయడం లేదు' అని బోర్డు. గుమాస్తాలు, ఫైళ్ళు మోసేవాళ్ళు, కొరియర్లు అందరూ లిఫ్టుని, లిఫ్టు కనిపెట్టినవాణ్ణి తిట్టుకుంటూ మెట్లెక్కుతున్నారు. వాళ్ళ మధ్యలోంచి చిట్టి రెండో అంతస్తుకి చేరింది. అక్కడ తలుపులు బార్లా తెరిచి, అడ్డంగా పసుపు తాడు కట్టి ఉంది. లోపల చీకటి. ఆ చీకట్లో, ఆగిపోయిన పెట్టె మీద గొంతుక్కూర్చుని భర్త ఏదో బిగిస్తున్నాడు. నుదుటి మీద దీపం.

ఆమె గొంతు సవరించుకుంది. దీపం ఇటు తిరిగి కళ్ళలో కొట్టింది. వెంటనే కిందకి వాలింది.

"మావయ్యకి ఎలా ఉంది?" మొదటి మాట అదే.

"బాలేదు. మడమ పైన గుంట పడింది. వేలు పెడితే లోపలికి పోతోంది."

"వేలు పెట్టకు."

"హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. దింపేవాళ్ళు లేరు."

స్పానరు తిరిగిన చప్పుడు. "ఇది చివరికొచ్చింది. మధ్యలో వదిలేస్తే జనం మెట్లెక్కి చస్తారు. నువ్వెళ్ళు, వెనకే వస్తాను."

"నాన్న నిన్ను..."

"తెలుసు. మీ అత్త నిన్న మా ఆఫీసుకి ఫోన్ చేసి మా మేనేజర్‌కి కూడా చెప్పింది."

చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏం చెప్పింది?"

"ఏం చెబుతుంది? మీ మనిషి మావగారిని తన్నాడని. మా వాళ్ళు నవ్వుకున్నారులే."

అతను మాత్రం నవ్వడం లేదని ఆ చీకట్లో కూడా తెలుస్తోంది. ఆమె పసుపు తాడు పట్టుకుని ముందుకి వంగింది.

"ఆ రోజు నేను..."

"అక్కడ నించోకు. తలుపు తెరిచుంది, పడతావు."

"నేను చెప్పేది విను."

"పని మీదున్నాను చిట్టీ. పనిమీదున్నప్పుడు వేరే ఆలోచన పెట్టుకుంటే నా కాళ్ళే పోతాయి."

దీపం అటు తిరిగింది. ఆమె ఇంకాసేపు అక్కడే నించుంది. మెట్లెక్కి వచ్చిన ఒక లావుపాటి పెద్దమనిషి ఆయాసపడుతూ, "ఇంకెంతసేపమ్మా ఇది?" అని ఆమెనే అడిగాడు. మెకానిక్ భార్య కాబట్టి ఆమెకి తెలిసుండాలన్నట్టు. ఆమెకి ఏడుపొచ్చింది.

* * *

అన్నమాట ప్రకారం వచ్చాడు. పనిబట్టల్లోనే, చేతులకి గ్రీజుతో, భుజాన నడుముకి కట్టుకునే బెల్టుతో. గడప బయటే ఆగాడు.

"అత్తయ్యా, చేతులున్న కుర్చీ ఒకటి కావాలి."

నాన్న గోడవైపు మొహం తిప్పుకున్నాడు. "నేను కదలను. వాడి చేతుల్లోకి పోయేకన్నా ఈ కాలు కుళ్ళిపోయినా ఫరవాలేదు."

"మెట్ల మీద తోసేసినా తోసేస్తాడు," అని మేనత్త అందుకుంది.

చిట్టి నోరు తెరిచేలోపే అమ్మ ముందుకొచ్చింది. అమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని పక్కవాటుగా దిగే మనిషి. మంచం పక్కన నించుని, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"అయితే లేవండి."

"ఆ?"

"లేచి నడవండి. నడిస్తే తగ్గుతుంది."

నాన్న ఆమె వంక తెల్లబోయి చూశాడు.

"నా మోకాళ్ళు నొప్పంటే ఇన్నేళ్ళూ మీరు చెప్పిన మందు అదేగా? 'నడవ్వే, నడిస్తే తగ్గుతుంది.' 'కూర్చుంటే బిగుసుకుపోతావు, లే.' స్కూల్లో పిల్లలకి ఐసూ కట్లూనూ, ఇంట్లో నాకు ఉపన్యాసాలూనూ. సరే, ఇప్పుడు మీ వంతొచ్చింది. మూడంతస్తులు. నడవండి!"

మేనత్త నూనె సీసా మూత బిగించుకుంటూ, చూపు దాని మీదే పెట్టుకుంది. గడప బయట భర్త పెదవి కొరుక్కుని నేల చూపులు చూస్తున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని చిట్టికి అర్థమైంది. ఆ నవ్వు పంచుకుందామని చూస్తే, అతని కళ్ళు ఆమె దాకా రాకుండానే పక్కకి తిరిగాయి.

"కుర్చీ తెండి," అన్నాడు నాన్న గోడతో.

భర్త ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తన బెల్టు నడుం చుట్టూ తిప్పి బిగించాడు. "కట్టేస్తున్నాడు చూడండి," అని నాన్న గొణిగాడు. బెల్టు విప్పమని మాత్రం అనలేదు. కుర్చీ వెనక భాగం భర్త పట్టుకున్నాడు, కుర్చీ ముందు కాళ్ళు వాచ్‌మన్ పట్టుకున్నాడు. మలుపు దగ్గర కుర్చీ కాస్త ఒరిగితే, నాన్న చెయ్యి గాల్లోకి లేచి భర్త చొక్కా పట్టేసుకుంది. ఆ పట్టు కింది దాకా వదల్లేదు.

వాళ్ళ వెనక అమ్మ గోడ పట్టుకుని, పక్కవాటుగా, ఒక్కో మెట్టూ దిగింది. చిట్టి ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. "నాకేం కాలేదు. వాళ్ళని చూడు."

* * *

ఎముకల హాస్పిటల్లో కూర్చున్నవాళ్ళందరూ నడుం కిందే ఏదో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళు. తుంటి మార్పించుకుని వాకర్ పట్టుకుని బుడిబుడి అడుగులు వేస్తున్న ముసలావిడ. రోజంతా నించుని వడ్డించే పని, పొద్దున లేవగానే మడమలో మేకు దిగినట్టుంటుందని పక్కవాళ్ళకి చెప్పుకుంటున్న హోటలు సర్వరు. బొటనవేలు పక్కకి తిరిగిపోయి చెప్పు తొడుక్కోలేని టీచరమ్మ. మోకాలికి పెద్ద కట్టుతో, చంకల్లో కర్రలతో ఒక ఆటగాడు.

నాన్నకి ప్రాణం లేచొచ్చింది. నొప్పి సంగతి మరిచిపోయి చక్రాల కుర్చీలోంచి వాళ్ళందరినీ పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు.

"ఏం బాబూ, ఫుట్‌బాలా?" అడిగాడు ఆటగాణ్ణి.

"అవును సార్. పరిగెత్తుతూ పక్కకి తిరిగాను. మోకాల్లో టక్‌మంది. అంతే, కూలబడ్డాను. మా వాళ్ళేమో అవతలి జట్టువాడే కొట్టాడని గొడవకెళ్ళారు."

"ఎవడూ కొట్టక్కర్లేదయ్యా!" నాన్న గొంతులో డ్రిల్లు మాస్టారు తిరిగొచ్చాడు. "పాదం నేలకి అతుక్కుని ఒళ్ళు తిరిగితే చాలు, లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు పుటుక్కుమంటుంది. నా పిల్లల్లో ఎంతమందిని చూశాను! ఎవడూ ముట్టుకోకుండానే, దానంతట అదే..."

అక్కడ ఆగిపోయాడు.

చిట్టి గోడకి ఉన్న ఎముకల బొమ్మ వంక చూసింది. అమ్మ సంచి జిప్పు లాగింది, మళ్ళీ వేసింది. వెనక చక్రాల కుర్చీ పిడి పట్టుకుని నించున్న భర్త మొహంలో ఏ మార్పూ లేదు. ఆటగాడు మాత్రం ఇంకా ఏదో చెబుతారని నాన్న వంకే చూస్తున్నాడు.

"డాక్టరుగారు చెబుతారులే," అన్నాడు నాన్న మెల్లగా.

డాక్టరు పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, నాన్నని బల్లమీద బోర్లా పడుకోమంది. పాదాలు రెండూ బల్ల అంచు దాటి గాల్లో వేలాడాయి. ముందు ఎడమ పిక్కని చేత్తో పట్టి నొక్కింది. పాదం బొమ్మలా కిందకి వంగింది. వదిలింది, తిరిగొచ్చింది. తర్వాత కుడి పిక్క నొక్కింది.

పాదం కదల్లేదు.

మళ్ళీ నొక్కింది. ఎడమది కదిలింది. కుడిది చచ్చిన చేపలా వేలాడుతూనే ఉంది. బయట చక్రాల బల్ల ఏదో గడగడమని వెళ్ళింది.

"మాస్టారూ, ఇది జరిగినప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు అనిపించిందా?"

చిట్టి ఉలిక్కిపడి అమ్మ వంక చూసింది. ఎవరు చెప్పారు ఈవిడకి? మేనత్త ఇక్కడికి కూడా ఫోన్ చేసిందా?

నాన్న దిండులోంచి తల ఎత్తలేదు. "మీకెలా తెలుసు?"

"ఈ దెబ్బతో వచ్చేవాళ్ళు చాలామంది అదే చెబుతారు. తన్నారంటారు, రాయి పెట్టి కొట్టారంటారు. వెనక్కి తిరిగి చూస్తారు, ఎవరూ ఉండరు." ఆవిడ గుంట దగ్గర వేలు ఆనించింది. "పిక్క కండని మడమకి కలిపే లావుపాటి తాడు ఒకటి ఉంటుంది. మీది తెగిపోయింది. మునివేళ్ళ మీద బలంగా తోసినప్పుడు తెగుతుంది. చప్పుడు కూడా వినబడి ఉండాలి."

"వెనక ఉన్నాడమ్మా," అన్నాడు నాన్న. దిండులో గొంతు ఉక్కిరిబిక్కిరిగా ఉంది. "నా వెనక మా అల్లుడున్నాడు."

"ఉంటే ఉన్నాడేమో. ఇది మాత్రం తంతే తెగినట్టు లేదు. తన్నిన దెబ్బ చర్మం మీద ఎక్కడా కనబడటం లేదు." ఆవిడ అమ్మ వైపు తిరిగింది. "ఈ మధ్య మడమ దగ్గర నొప్పని ఏమైనా అన్నారా?"

"అనరు. పొద్దున లేచి బాత్రూం దాకా కుంటుతారు. నేను చూస్తే మామూలుగా నడుస్తారు."

"నీకెవరు చెప్పారు?" నాన్న తల తిప్పాడు.

"బామ్ వాసన చెప్పింది."

డాక్టరు నవ్వు దాచుకోలేదు. స్కాన్ చూసి చెబుతానంది. కుట్టాల్సి రావచ్చు, లేదా పాదాన్ని కిందకి వంచి ఉంచే కట్టు సరిపోవచ్చు. ఎలా అయినా నెలలు పడుతుంది, అంతవరకూ గ్రౌండు వైపు చూడొద్దు. "ఇంకా ముందే రావాల్సింది. బెణుకనుకుని చాలామంది ఇలాగే ఆలస్యం చేస్తారు. మర్దనా గట్రా ఏం చెయ్యలేదుగా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన మనిషి ఇంటి దగ్గర నూనె సీసాతో ఉంది.

నాన్నని బల్ల మీంచి కుర్చీలోకి మార్చాలి. వార్డు మనిషి ఒక పక్క వచ్చాడు. రెండో పక్క ఖాళీగా ఉంది. భర్త గోడ దగ్గరే నించుని ఉన్నాడు, పిలిస్తే తప్ప రాకూడదన్నట్టు. నాన్న కాసేపు ఆ ఖాళీ వైపు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"పట్టుకో, బాబూ."

చిట్టి ఆ పిలుపు విని చాలా రోజులైంది.

"భుజం మీద బరువెయ్యండి మావయ్యా. ఆ కాలు కింద పెట్టకండి," అంటూ భర్త ముందుకొచ్చాడు. కుర్చీలో కూర్చున్నాక కూడా నాన్న ఆ చెయ్యి వెంటనే వదల్లేదు. గ్రీజు అంటిన ఆ వేళ్ళని రెండుసార్లు తట్టి, గొంతు సవరించుకుని, "స్కాన్ ఎటు?" అని వార్డు మనిషి మీద అరిచాడు. అమ్మ, వార్డు మనిషి కుర్చీ తోసుకుంటూ వెళ్ళారు.

వరండాలో ఇద్దరే మిగిలారు.

చిట్టికి పెద్ద బరువు దిగినట్టయింది. నవ్వుతూ అతని పక్కకి జరిగింది. "విన్నావా? బాబూ అన్నాడు. అయిపోయింది. ఇవాళే నాన్న అత్తకి ఫోన్ చేసి..."

"మావయ్య సంగతి అయిపోయింది," అన్నాడు అతను. కిటికీ దగ్గరకెళ్ళి చేతులు రుద్దుకున్నాడు. గ్రీజు పోలేదు. "ఆయన మీద నాకెప్పుడూ కోపం లేదు. కాల్లో తాడు తెగింది. ఆ నొప్పిలో ఏమన్నా తప్పు లేదు."

"మరి?"

"నీకేం తెగింది?"

ఆమె నవ్వు మొహం మీదే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"కింద పడ్డప్పుడు మావయ్య ఏమన్నాడు? 'ఏం తగిలింది' అన్నాడు. అంతే. తన్నడమన్న మాట ఆయన నోట్లో లేదు చిట్టీ. ముందు అన్నది నువ్వు. ఆయన నీ దగ్గర అందుకున్నాడు." గొంతు పెంచలేదు. లిఫ్టులో ఏ తీగ ఎక్కడ ఊడిందో వివరించినట్టు చెబుతున్నాడు. "ఈ రెండు రోజులూ ఆ కొత్తింట్లో సామాను విప్పకుండా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎవరో వ్యాను డ్రైవరు అడిగితే సరే. వాచ్‌మన్ అడిగితే సరే. నాతో ఇన్నాళ్ళున్నావు, నేను ఎవరినైనా తన్నగా చూశావా? వెనకనుంచి, అదీ మీ నాన్నని. నీకు ఆ అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. కంగారులో అన్నానని చెప్పొచ్చు, నోరు జారిందని చెప్పొచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. అతను అలా నిలబడి ఉంటే ఆ రెండూ చెల్లవని కూడా తెలుస్తోంది. చిట్టి వరండాలో నాలుగడుగులు అటు వేసింది, ఇటు వేసింది, మళ్ళీ వచ్చి అతని ముందు ఆగింది.

"ఎందుకంటే నాకనిపించింది."

"ఏం అనిపించింది?"

"తన్నాలని. నాకు." మొదలుపెట్టాక ఇక ఆగలేదు. "పొద్దుట్నుంచీ ఆయన నిన్ను ఒకటే అనడం. తాడు కట్టడం రాదు, బరువెత్తడం రాదు. మనం వెళ్ళిపోవడం ఇష్టం లేదని ఒక్క ముక్క చెప్పలేక, ఆ కోపమంతా నీ మీద తీర్చుకోవడం. నువ్వు నవ్వుతూ పడటం. చూసీ చూసీ నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ వంగి బీరువా తోస్తుంటే, ఒక్క తాపు తంతే పీడా పోతుందనిపించింది. నా సొంత నాన్నని! భయమేసి, అందుకే అద్దం పట్టుకుని గోడవైపు తిరిగాను. ఫట్‌మంది, తిరిగి చూస్తే ఆయన కింద, నువ్వు వెనక. నా మనసులో ఉన్న పని నువ్వు చేసేశావనుకున్నాను. అంతే. నీ మీద అనుమానం కాదు. అది నాది."

అతను కిటికీ వదిలి ఇటు తిరిగాడు. వ్యాను దగ్గర అడిగిన క్షణం తర్వాత మొదటిసారి, సూటిగా ఆమె కళ్ళలోకి చూశాడు. పెదవుల చివర ఏదో కదిలింది. ఇంకొక్క క్షణం ఆగితే అది నవ్వో, మాటో అయ్యేది.

అవలేదు. అతని చూపు ఆమె భుజం మీంచి వెనక్కి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది.

చిట్టి తిరిగి చూసింది.

స్కాన్ గది ఖాళీగా లేదేమో, కుర్చీ వెనక్కి వచ్చేసింది. వార్డు మనిషి లేడు. పిడి పట్టుకుని అమ్మ, కుర్చీలో నాన్న. దెబ్బ తగిలిన కాలు ముందుకి చాపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి అక్కడున్నారో తెలియదు. అమ్మ మొహం చూస్తే మాత్రం చాలాసేపైనట్టే ఉంది.

నాన్న అరవలేదు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగా చిట్టి ఎన్నడూ వినలేదు.

"ఎవర్నే తన్నాలనిపించింది, చిట్టీ?"